కట్టేసిన ముల్లు

ఒక పెద్ద చిత్తడి అంచున ఒక ఊరుండేది. ఆ ఊళ్లో వారానికోసారి సంత. సంత నడిమధ్య రావిచెట్టు కొమ్మకు ఊరుమ్మడి కాటా వేలాడుతుండేది. రెండు ఇత్తడి చిప్పలు, వాటిని మోసే అడ్డకర్ర, అడ్డకర్ర నడినెత్తిన ముల్లు. మిరపకాయలైనా మినుములైనా ఆ కాటా ఎక్కాకే చేతులు మారాలి. చెట్టు వెనక ఊరి ధాన్యపు కొట్టు. కరువొస్తే తినడానికి తాతల నాటి నుంచి దాచుకున్న గింజలు అందులో ఉన్నాయి. దాని తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఊరి పెత్తనం చేసే షావుకారు దగ్గర, రెండోది కాటాదారు దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది.

పాత కాటాదారు ముసలివాడై పని మానుకున్నాడు. ఆ పనికి షావుకారు కొట్లో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన గుమాస్తా ముందుకొచ్చాడు. చెవిలో కలం తీసి షావుకారు గల్లాపెట్టె మీద పెట్టేసి, తిన్నగా రావిచెట్టు కిందికి వచ్చి, "ఈ పొద్దుతో కొట్టుకూ నాకూ చెల్లు. ఇకనుంచి నేను అందరివాణ్ణి" అన్నాడు.

ఊరు గుసగుసలాడింది.

"ముప్పై ఏళ్లు తిన్న ఉప్పు ఒక్క పూటలో అరుగుతుందా?" అన్నారు రైతులు. "అంగీ విప్పినంత తేలిగ్గా మనసు విప్పి పారేస్తాడా?" అన్నారు చిల్లర వర్తకులు. షావుకారు మనుషులకు ఇంకో దిగులు. "మనవాడనుకుంటే మనల్నే కాదని పోతున్నాడు. ఇవాళ మనల్ని వదిలినవాడు రేపు ఎవర్ని వదలడు?" అన్నారు వాళ్లు. అవతలి వాళ్లకు అతను ఇంకా షావుకారు మనిషే. ఇవతలి వాళ్లకు అప్పటికే పరాయివాడు.

గుమాస్తాకు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి సన్నని ఇనప తీగ తీసుకుని చెట్టెక్కాడు. ముల్లును సరిగ్గా నడిమికి తెచ్చి బిగించి కట్టేశాడు. సంత నిండాక అందర్నీ పిలిచాడు.

"చూడండి. ఇది తూర్పుకు మొగ్గదు, పడమరకూ మొగ్గదు. గాలొచ్చినా వానొచ్చినా నడిమినే ఉంటుంది. నేనూ ఇంతే."

జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు చింతపండు అమ్ముకునే అవ్వ ఒకతి బుట్ట ఎత్తుకొచ్చి ఒక చిప్పలో పెట్టింది. రెండో చిప్ప ఖాళీ. ముల్లు కదల్లేదు.

"ఎవరి వైపూ మొగ్గని కాటా చూడ్డానికి ముచ్చటగానే ఉంది నాయనా. మరి నా చింతపండు ఎంతుందో చెప్పు" అంది.

సంతంతా గొల్లుమంది. గుమాస్తా ముఖం మాడిపోయింది.

"వంగితే ఫలానా వాడి వైపు వంగాడంటారు. వంగకపోతే పనికిరాడంటారు. నన్నేం చెయ్యమంటావవ్వా?"

"నడిమిన నిలబడ్డానికి గుంజ చాలు. ముల్లు దేనికయ్యా? బరువెటుంటే అటు వంగాలి, బరువు దించాక మళ్లీ నడిమికి రావాలి. నువ్వు నిన్నటిదాకా ఎవరి కొట్లో కూర్చున్నావో మాకు తెలుసు. అది తుడిస్తే పోయేది కాదు, తుడవమని మేమూ అడగం. మీ షావుకారు బస్తా కాటా ఎక్కిన రోజున ముల్లు ఎంత వంగుతుందో చూస్తాం."

"అంతదాకా?"

"అంతదాకా అనుమానపడుతూనే ఉంటాం. మా దగ్గరున్న పడికట్టు రాయి అదొక్కటే. అదీ పారేస్తే నిన్ను దేంతో తూచమంటావు?"

గుమాస్తా తీగ తెంపేశాడు. ఊరివాళ్లు గులకరాళ్లు వేసి ఎంచుకున్నారు. సగానికి కాస్త ఎక్కువ రాళ్లు అతని కుండలో పడ్డాయి. ఆ తరువాతి సంతలో షావుకారు బియ్యం బస్తా రానే వచ్చింది. కాటాదారు తూచి, అందరికీ వినపడేలా, "రెండు వీశెలు తక్కువ" అన్నాడు.

జనం అవ్వ వైపు చూశారు. అవ్వ తన చింతపండు పొట్లం కట్టుకుంటూ, "ఇంకో బస్తా రానివ్వండి" అంది.

*

ఊరు పెద్ద చిత్తడి అంచున ఉందనడానికి కారణం ఉంది. హొక్కియెన్ భాషలో టోవా అంటే పెద్దది. మలయ్‌లో పాయా అంటే చిత్తడి నేల. సింగపూర్‌లోని టోవా పాయో పేరు ఆ రెండు మాటలూ కలిసి పుట్టింది. ఆ నేలను 1960లలో చదును చేసి, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఇళ్లు కట్టింది. ఇప్పుడక్కడ లిఫ్టులున్న బ్లాకులు, కింద కాఫీషాపులు, 1979లో కట్టిన డ్రాగన్ ఆటస్థలం, లొరాంగ్ 8లో కాళియమ్మ గుడి. గుమాస్తా కథకు దగ్గరి నిజం కూడా ఆ పేటకు చెందిన నాయకుడిదే.

ఓంగ్ టెంగ్ చియాంగ్ వాస్తుశిల్పం చదివిన మనిషి. 1972లో కిమ్ కియాట్ నుంచి పార్లమెంటుకు వెళ్లారు. నియోజకవర్గాల గీతలు మారాక 1991 నుంచి టోవా పాయో ఉమ్మడి నియోజకవర్గం (జీఆర్‌సీ) సభ్యుడయ్యారు. మెట్రో రైలు కావాలని మంత్రివర్గంలో గట్టిగా పట్టుబట్టినవాళ్లలో ఆయనొకరు. 1987 నవంబరు 7న ఆ రైలు మొదటిసారి పరుగు తీసింది యో చు కాంగ్, టోవా పాయో స్టేషన్ల మధ్యే. ఉపప్రధానిగా, అధికారంలో ఉన్న పీపుల్స్ యాక్షన్ పార్టీ చైర్మన్‌గా, కార్మిక సంఘాల సమాఖ్య ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. ఇంతకన్నా లోపలి మనిషి దొరకడు.

1991లో సింగపూర్ రాజ్యాంగాన్ని మార్చి, అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకోవాలన్నారు. దేశం కూడబెట్టిన నిధులకు అధ్యక్షుడి దగ్గర రెండో తాళంచెవి ఉంటుంది. గత ప్రభుత్వాల కాలంలో పోగైన సొమ్మును ఇప్పటి ప్రభుత్వం ఆయన ఒప్పుకోకుండా ముట్టకూడదు. కీలకమైన నియామకాలకూ ఆయన అంగీకారం కావాలి. అందుకే నామినేషన్ నాటికి అభ్యర్థి ఏ పార్టీలోనూ సభ్యుడై ఉండకూడదని నియమం పెట్టారు.

ఓంగ్ పార్టీకీ పదవులకూ రాజీనామా ఇచ్చి నిలబడ్డారు. ఊరు గుసగుసలాడింది. నిన్నటిదాకా ప్రభుత్వంలో ఉన్నవాడు ఇవాళ ప్రభుత్వానికి కాపలా ఎలా కాస్తాడు? కంచె వేసిన చేతులే చేను మేసే చేతులైతే ఎలా? ఆయనపై నిలబడినాయన చువా కిమ్ యౌ, అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్న అధికారి. పోటీకి ఆయనంత ఇష్టంగా రాలేదు, ప్రచారమూ నామమాత్రంగానే చేశారు. అయినా 1993 ఆగస్టు 28న ఆయనకు నూటికి 41.3 ఓట్లు పడ్డాయి, ఓంగ్‌కు 58.7. అడగని మనిషికి అన్ని ఓట్లు పడ్డాయంటే, అందులో చాలావరకు అనుమానం వేసిన ఓట్లేనని నా లెక్క.

ఇక బస్తా కాటా ఎక్కింది.

నిధులకు కాపలా కాయమన్నారు కనుక, అసలు ఎంత ఉందో చెప్పమన్నారు ఓంగ్. ప్రభుత్వ స్థిరాస్తులన్నిటికీ వెలకట్టాలంటే ఒక మనిషికి 56 ఏళ్ల పని అని జవాబొచ్చింది. నా కథలో షావుకారు కూడా ఇంత మాట అనలేదు. కడకు వెల లేకుండా ఆస్తుల జాబితా ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. 1998లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకును డీబీఎస్ బ్యాంకుకు అమ్మినప్పుడు తనకు తెలిపిన తీరు మీదా ఆయన అసంతృప్తి చెందారు. 1999 జూలై 16న విలేకరులను పిలిచి ఇవన్నీ బయటపెట్టి, మళ్లీ పోటీ చెయ్యనన్నారు. ప్రభుత్వానికీ తన వాదన ఉంది. ఆగస్టులో మంత్రులు పార్లమెంటులో ఓంగ్ మాటలకు జవాబు చెప్పారు. ఎవరిది ఒప్పు అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పాత కొట్టు బస్తా ఎక్కినప్పుడు ముల్లు కదిలిందన్నదే విషయం.

నిజానికి ముల్లు కదులుతుందని చూచాయగా తెలిసే సందర్భం ఒకటి ముందే వచ్చింది. 1986 జనవరిలో హైడ్రిల్ అనే అమెరికా కంపెనీలో కార్మికులు సమ్మెకు దిగుతామంటే, కార్మిక సంఘాల నాయకుడిగా ఓంగ్ సరేనన్నారు. మంత్రివర్గంలో ఉంటూ, మంత్రివర్గానికి ముందుగా చెప్పలేదు. సమ్మెలన్నవే అరుదైన దేశంలో అది చిన్న విషయం కాదు. కొట్లో ఉన్న రోజుల్లోనే కొట్టు లెక్క తప్పని చెప్పగలిగాడా అని అభ్యర్థి గతంలో వెతికితే, ఓటరుకు ఒక్కోసారి ఇలాంటి గుర్తు దొరుకుతుంది.

2002 ఫిబ్రవరిలో ఓంగ్ చనిపోయినప్పుడు పూర్తి ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలు జరగలేదు. చితాభస్మం మండాయిలో సామాన్యుల చితాభస్మాల పక్కనే ఉంది. జనం మాత్రం ఆయన్ను ప్రజల అధ్యక్షుడనే తలుచుకుంటారు. నూటికి 41 మంది అనుమానించారు కదా అని ఆయన వాళ్లను దూరం పెట్టలేదు. వాళ్లడిగిన ప్రశ్ననే ఆరేళ్లపాటు తానూ అడిగారు.

తెలుగువాళ్లకు ఈ పేచీ కొత్తది కాదు. 1967లో లోక్‌సభ స్పీకరైన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. స్పీకర్ కుర్చీ ఎక్కాక పార్టీ వదులుకున్న మొదటివాడు ఆయనే. రెండేళ్లు దాటాక, 1969లో అదే కాంగ్రెస్ ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టింది. ఆయన సిండికేటు అనే పాత కాంగ్రెస్ పెద్దల ముఠా మనిషన్న అనుమానం ఇందిరాగాంధీ వర్గాన్ని వదల్లేదు. పార్టీ మాట కాదు, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యండన్న మాట అప్పుడే ఊరూరా పాకింది. స్వతంత్రుడిగా నిలబడ్డ వరాహగిరి వేంకటగిరి, ఓంగ్ లాగే కార్మిక నాయకుడు, గెలిచారు. తిరిగి 1977లో సంజీవరెడ్డే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఒకే మనిషి ఒకసారి అందరివాడుగా, ఒకసారి ఒక ముఠావాడుగా, మరోసారి మళ్లీ అందరివాడుగా కనిపించాడు.

సింగపూర్‌లోనూ ఆ ప్రశ్న పాతబడలేదు. 2011లో నలుగురు అభ్యర్థులూ టాన్ అనే ఇంటిపేరు వాళ్లే. అధికార పార్టీలో ఏళ్ల తరబడి ఉండి బయటికొచ్చిన ఇద్దరి మధ్య, టోనీ టాన్, టాన్ చెంగ్ బోక్‌ల మధ్య, తేడా 7,382 ఓట్లు. గెలిచిన టోనీ టాన్‌కు దక్కింది నూటికి 35.2. 2023లో థర్మన్ షణ్ముగరత్నం ఇరవై రెండేళ్ల పార్టీ సభ్యత్వం వదులుకుని, సెప్టెంబరు 1 ఎన్నికకు దిగారు. తాను ఏనాడూ ఏ పార్టీలోనూ లేనని పోటీదారు ఎంగ్ కోక్ సాంగ్ గుర్తుచేశారు. ఓటర్లు పార్టీ నుంచి వచ్చిన మనిషికే 70.4 శాతం ఓట్లిచ్చారు. ఏ పార్టీ నీడా పడని గతం ఒక్కటే వాళ్లకు చాల్లేదు. వాళ్ల నిర్ణయం సరైనదో కాదో చెప్పాల్సింది ఓట్ల పెట్టె కాదు, ఆరేళ్ల పదవీకాలం.

నీతి

నడిమికి వచ్చానని చెప్పే నాయకుడు రెండు రకాలు. ఒకడు గోడ మీద పిల్లి. వాడు ఎవరికీ అన్యాయం చెయ్యనంటాడు, ఎవరికీ న్యాయమూ చెయ్యడు. తన ముల్లును తానే తీగతో కట్టేసుకుని, కదలకపోవడమే ధర్మమంటాడు. రెండోవాడు కాటా ముల్లు. అతను వంగుతాడు, కానీ బరువును బట్టి వంగుతాడు. బస్తా మీద ఎవరి ముద్ర ఉందో చూడడు. బరువు దించగానే నడిమికి వస్తాడు.

ఎన్నికల ముందు ఈ ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఖాళీ చిప్పల మధ్య ఏ ముల్లయినా నడిమినే ఉంటుంది. కనుక పార్టీ విడిచిన తేదీ చూసి నమ్మెయ్యకండి, పార్టీలో గడిపిన ఏళ్లు చూసి తోసెయ్యకండి. అనుమానపడ్డందుకు సిగ్గుపడకండి, అది మీ చేతిలోని పడికట్టు రాయి. ఓటు వేశాక దాన్ని గూట్లో పెట్టి మరిచిపోవడం మాత్రం తప్పు. అతని పాత కొట్టు నుంచి మొదటి బస్తా వచ్చిన రోజున రావిచెట్టు కిందికి వెళ్లి నిలబడండి. ముల్లు వంగితే మెచ్చుకోండి. మెచ్చుకుని ఇంటికి వెళ్లిపోకండి, ఇంకో బస్తా వస్తుంది.