నమ్మాలని ఉన్నవాడు

ఒకరి చావు వల్ల మనం బతికామనుకోండి. ఆ బతుకు మన సొంతమేనా? మనం అడగలేదు. ఆ మనిషెవరో కూడా మనకి తెలీదు. అయినా అప్పు అప్పేనంటారా?

బైబిలు కథ విన్నవారికి బరబ్బ గుర్తుండే ఉంటాడు. పస్కా పండుగకి ఒక ఖైదీని వదిలిపెట్టడం ఆనవాయితీ. యేసు కావాలా, బరబ్బ కావాలా అని పిలాతు అడిగితే జనం బరబ్బనే కోరుకున్నారు. సువార్తల్లో అతని కథ అక్కడితో సరి. బయటికొచ్చి ఏమయ్యాడో, రాత్రిళ్ళు అతనికి నిద్రపట్టిందో లేదో వాటిలో లేదు. స్వీడన్ రచయిత పేర్ లాగర్‌క్విస్ట్ ఆ సంగతే పట్టుకుని 1950లో "బరబ్బ" అనే చిన్న నవల రాశాడు. మరుసటి ఏడాదే ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. 1961లో ఆంథొనీ క్విన్‌తో సినిమా కూడా తీశారు గానీ, ఈ కథ చదువుకోవలసిందే.

విడుదలైన బరబ్బ తన దారిన తాను పోడు. తనకి బదులు చస్తున్న మనిషిని దూరాన నించుని చూస్తాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ దృశ్యం అతన్ని వదలదు. నమ్మడం మాత్రం చేతకాదు, పాపం.

గ్రహణం మొర్రి ఉన్న ఒక అమ్మాయి ఉంది ఇందులో. అతను వదిలేసి పోయాక చచ్చిన బిడ్డని కన్నది. ఆమెకి ఏ సందేహాలూ లేవు, నమ్మింది. అందుకే రాళ్ళతో కొట్టి చంపారు. రాత్రివేళ బరబ్బ ఆ శవాన్ని మోసుకుపోయి, ఆ బిడ్డ పక్కనే పూడ్చిపెడతాడు. ప్రార్థన రాని మనిషి అంతకన్నా ఏం చెయ్యగలడు?

తర్వాత సైప్రస్ రాగి గనుల్లో బానిస. సహాక్ అనే విశ్వాసితో ఒకే గొలుసుకి కట్టేస్తారు. సహాక్ మెడలోని బానిస బిళ్ళ మీద క్రీస్తు పేరు చెక్కి ఉంది. తన బిళ్ళ మీదా చెక్కించుకుంటాడు బరబ్బ. ఒకరోజు రోమన్ అధికారి ఇద్దర్నీ నిలదీశాడు. సహాక్ తన దేవుణ్ణి కాదనలేదు, సిలువెక్కాడు. బరబ్బ మాత్రం తనకి దేవుడే లేడన్నాడు. మరి ఈ పేరెందుకని అడిగితే, నమ్మాలని ఉందని తలెత్తకుండా చెప్పాడు. అధికారి కత్తి మొనతో ఆ పేరు కొట్టేశాడు.

పిరికివాడని తేలిగ్గా అనెయ్యొచ్చు. ప్రాణభయం లేదని నేనూ అనను. కానీ చెప్పిన రెండు మాటలూ నిజమే కదా! నిజం చెప్పొద్దూ, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నాకూ కొన్నిరోజులు అంతే. చెయ్యి వత్తి వెలిగిస్తుంది, మనసెక్కడో ఉంటుంది. అలాగని దీపం పెట్టడం మానెయ్యాలా?

చివరికి రోములో బరబ్బనీ సిలువ వేస్తారు. ప్రాణం పోయేముందు చీకట్లోకి చూస్తూ తన ఆత్మని అప్పగిస్తున్నానంటాడు. చీకటికే అప్పగించాడో, ఇంకెవరికో, లాగర్‌క్విస్ట్ తేల్చలేదు. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి చీకటికేననుకున్నాను.