దానమా, ఋణమా?

ప్రకృతి యొక విషయమున పక్షపాత మెఱుగదు. పుట్టెడు శిశువులలో నించుమించుగా నూటికొకరు గుండెలో నేదో యొక లోపముతో పుట్టుచున్నారు. లండను మహానగరమునను, ఆఫ్రికాలోని కుగ్రామమునను ఈ లెక్క దాదాపు సమానమే. భేదమంతయు పుట్టుక తరువాత మనుష్యులు కల్పించినది. సంపన్నదేశమున నట్టి బిడ్డ చికిత్స పొంది, పెరిగి, తన బిడ్డలను తా నెత్తుకొనుచున్నాడు. పేదదేశమున నట్టి బిడ్డ పెదవులు నీలమై, నాలుగడుగులు నడువలేక, తల్లి కన్నులయెదుటనే కృశించుచున్నాడు. చికిత్స తెలియకపోవుటచేత నిట్లగుట లేదు. 1938లోనే బోస్టను నగరమున రాబర్టు గ్రాస్ ఒక బాలిక గుండెచెంత మూసికొనక నిలిచిన నాళమును ముడివైచి కట్టెను. 1953లో జాన్ గిబ్బన్ గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని కొంతతడవు యంత్రమునకు అప్పగించి, గుండెను తెఱచి, లోని రంధ్రమును కుట్టెను. విద్య యున్నది; అది చేరవలసిన చోటికి చేరలేదు.

దానిని చేర్పబూనిన వారిలో నిరువురి కృషి నైలునదీతీరమున కానవచ్చును. 1935లో ఈజిప్టున జన్మించిన మగ్దీ యాకూబ్ ఇంగ్లండునకు బోయి, హేర్‌ఫీల్డు వైద్యశాలలో గుండెమార్పిడి చికిత్సకు పేరు తెచ్చెను. ఆయన 1995లో పేదదేశముల బిడ్డలకై ‘చెయిన్ ఆఫ్ హోప్’ అను సంస్థను, 2009లో అస్వాను పట్టణమున హృదయవైద్యశాలను స్థాపించెను. కైరోను విడిచి, రాజధానికి వందలకొలది మైళ్ళ దూరమున నున్న అస్వాను నెన్నుకొనుటయే యొక ధర్మనిర్ణయము. ఇటలీవాడైన జీనో స్త్రాదా 1994లో ‘ఎమర్జెన్సీ’ అను సంస్థ నారంభించి, 2007లో సూడానునందలి ఖార్టూముచెంత ‘సలాం’ అను గుండె శస్త్రచికిత్సాలయమును తెఱపించెను. అరబ్బీభాషలో ఆ మాటకు శాంతి యని యర్థము. 2021లో ఆయన పరమపదించెను. ఈ రెండుచోట్లను రోగులవద్ద రుసుము గైకొను నాచారము లేదు.

ఇచట నొక ఆక్షేపణ గలదు. ఒక బిడ్డ గుండెకు వెచ్చించు ధనముతో నెందఱో బిడ్డలకు టీకాలు వేయవచ్చునే, ఇది వివేకమా యని కొంద ఱడుగుదురు. ఈ మాట తోసివేయదగినది కాదు. గొంతునొప్పిని అశ్రద్ధచేయగా వచ్చు రుమాటిక్ జ్వరము పేదబిడ్డల గుండెకవాటములను పాడుచేయుచున్నది. సకాలమున కొద్దిపాటి వెలగల పెన్సిలిన్ ఇచ్చినచో దానిని చాలవఱకు నివారింపవచ్చును. నివారణమే మేలని మేమును ఒప్పుకొందుము. కాని కవాటము చెడిపోయిన బిడ్డకు, పుట్టుకతోనే రంధ్రముగల బిడ్డకు, రేపటి నివారణము నేటి యూపిరి కాజాలదు. అంతియకాదు, ఈ లెక్క చెప్పువారిలో తన బిడ్డకే యీ వ్యాధి కలిగినపుడు ఆ సొమ్మును టీకాలకై పంపివేయువా డొక్కడైనను గలడా? ధనము పరిమితమైనచోట లెక్క యవసరమే. అయిన నా లెక్క యెల్లప్పుడును పేదవాని బిడ్డదగ్గఱనే మొదలగుట యేల?

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మఱియొకటి కలదు. అది యిచ్చు విధమును గూర్చినది. విదేశవైద్యులు కొందఱు వచ్చి, వారమో పక్షమో యుండి, కొన్ని ప్రాణములు నిలిపి మరలిపోవుదురు. అది పుణ్యకార్యమే. కాని లోహపు కవాటము నమర్చుకొన్న బాలిక రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మందు సేవింపవలెను. తఱచుగా రక్తపరీక్ష చేయించుకొనవలెను. మందు తగ్గిన కవాటమున రక్తము గడ్డకట్టును. హెచ్చిన రక్తస్రావ మగును. పెద్దదై గర్భము దాల్చిన నపాయము మఱింత యధికము. శస్త్రము పట్టినవాడు విమాన మెక్కినను ఆ బాలిక యవసరము తీరదు. 2023 ఏప్రిలులో ఖార్టూమున యుద్ధము చెలరేగెను. ఫిరంగులు మ్రోగినంతమాత్రమున నీ మందు మానరాదు గదా! కావున గుండెకు చేయు చికిత్స ఇచ్చి మఱచు దానము కాదు; తలకెత్తుకొన్న బాధ్యత.

మన పూర్వులు ఋషిఋణమని యొకటి చెప్పిరి. పెద్దలవలన బడసిన విద్యను తిరిగి పెద్దలకిచ్చి ఆ ఋణమును తీర్పలేము. మఱియొకరికి నేర్పియే తీర్పవలెను. గుండెను కుట్టు విద్య ఏ యొక్కని సొత్తును గాదు. ఎందఱో పరిశోధకుల శ్రమయు, బ్రదుకుదుమో లేదో తెలియకయే శస్త్రమునకు దేహ మొప్పగించిన తొలిరోగుల సాహసమును అందు గలవు. దానిని నేర్చినవా డందఱికిని ఋణపడినవాడే. అస్వానున యువవైద్యులకును దాదులకును శిక్షణ మిచ్చుట వైద్యమునకు తోడుగా చేయు చిన్నపని యని మేము తలంపము. ఋణము తీరుట అచటనే.

దాతకు కృతజ్ఞత కావలయును. ఋణము తీర్చువానికి దానితో పనిలేదు. దాత తనచుట్టు యాచకులు నిలిచియుండుట జూచి సంతసింపవచ్చును. ఋణము తీర్చువాడు తా నిక నవసరము లేని దినమునకై యెదురుచూచును. బడిపంతులు వృత్తియందున్న మా కీ సంగతి క్రొత్తది కాదు. శిష్యుడు తనంత తాను చదువుకొనగలిగిన నాడే గురువు పని నెఱవేఱినది. పరదేశమునకు బోయి పసిబిడ్డల గుండెలు బాగుచేయు మహనీయులను పొగడుట సులభము. వా రెందఱిని బ్రదికించి రని మాత్రమే యడుగక, వారు వెడలిన పిమ్మట ఆ చోట నెందఱు చేతులు బ్రదికింప నేర్చినవో కూడ నడుగుట మన విధి.