బొమ్మ లేనప్పుడు ఎవరి దుఃఖం?

ఎన్నియో మొరికోనె ‘ది మిషన్’ సినిమాకి సమకూర్చిన సంగీతం 1986లో విడిగా రికార్డుగా వచ్చింది. అందులో మొదట వినిపించేది కథలో మొదట వచ్చేది కాదు. మూడు వేర్వేరు సంగీతాలు ఒకదానితో ఒకటి పెనుగులాడి చివరికి కలిసి నడిచే పెద్ద బృందగానం అది. రికార్డు ఆఖరున ఉన్నది ఒక బాలుడి ఒంటరి గొంతు. ఒక్క నిమిషం పాటి వేడికోలు, కరుణించమని. అంటే సినిమా తెలియని శ్రోతకి ముందు సయోధ్య దొరుకుతుంది, తర్వాతెప్పుడో క్షమాపణ వినిపిస్తుంది. ఏం తప్పు జరిగిందో, ఎవరు ఎవర్ని క్షమించాలో ఎవరూ చెప్పరు. అయినా గొంతు పూడుకుపోతుంది. ఎవరి కోసం?

పాటని సినిమా నుంచి విడదీసి వినడం మనకి కొత్త కాదు. ఎన్నో పాటలు రేడియోలో ముందు విని, తెర మీద తర్వాత చూసినవాళ్లం. కానీ పాటకి మాట తోడుంటుంది, ఆ మాటే సగం కథ చెబుతుంది. రీరికార్డింగును మాత్రం మనం అంత శ్రద్ధగా విడిగా కూర్చుని వినం. అక్కడ మాట ఆసరా లేదు, బొమ్మ ఆసరా లేదు. స్వరం దేన్ని గురించి బాధపడుతోందో తెలియకుండానే దానితో పాటు బాధపడాలి.

ఈ సంగీతం వెనక నిజంగా జరిగిన చరిత్ర ఉంది. 1750లో స్పెయిన్, పోర్చుగల్ రాజులు మాడ్రిడ్‌లో ఒక ఒప్పందం చేసుకున్నారు. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే నదికి తూర్పున, జెసూట్ క్రైస్తవ గురువుల ఆధ్వర్యంలో గ్వారనీ ప్రజలు నిర్మించుకున్న ఏడు ఊళ్లు దాంతో పోర్చుగల్ వాటాకి పోయాయి. ఊళ్లు ఖాళీ చెయ్యండి అన్నారు. గ్వారనీలు కదలం అన్నారు. 1756 ఫిబ్రవరిలో కైబొవాతే దగ్గర రెండు రాజ్యాల సైన్యాలు ఏకమై ఒక్క రోజులో దాదాపు 1500 మందిని చంపాయి. రోలాండ్ జోఫే తీసిన ‘ది మిషన్’ ఈ కాలాన్నే కథగా అల్లుకుంది.

సంగీతం వెయ్యని సినిమాని మొరికోనెకి చూపించినప్పుడు ఆయన ఏడ్చాడట. దీనికి సంగీతం అక్కర్లేదు, ఇలాగే బాగుంది అన్నాడట. నాకు ఆ మాట మీద ఎంతో గౌరవం. పనిని వదులుకోబోయిన ఆ క్షణంలో ఆయన సంగీతం చెయ్యగల హాని గురించి కూడా ఆలోచించి ఉంటాడనిపిస్తుంది. దుఃఖాన్ని అందంగా చెయ్యడం తేలిక. అందమయ్యాక అది మునుపటంత గుచ్చుకోదు.

ఆ తర్వాత ఒప్పుకున్నాడు. కథలో గాబ్రియేల్ అనే ఫాదిరీ చేతిలో ఒబో ఉంది కాబట్టి, ఆ కాలపు గమకాలతో దానికొక రాగం రాశాడు. ఒబో కూడా మన సన్నాయిలా రెల్లు రేకుల మధ్య నుంచి ఊపిరి ఊది పలికించే వాద్యమే. దానికి పట్టే ఊపిరి చాలా కొంచెం. వాయించేవాడు లోపల మిగిలిపోయిన గాలిని బయటికి వదిలి మళ్లీ పీల్చుకోవాలి. ఆ రాగంలో పదాల మధ్య విరామాలు అంత మానుషంగా ఉండటానికి ఇదీ ఒక కారణమేమో. ఒబో పక్కన చర్చి సంప్రదాయపు బహుగళ గానం ఉంచాడు. దానికి ఎదురుగా అడవి మనుషుల డోలు, కేక. ఈ మూడింటినీ ముందు విడివిడిగా, తర్వాత జంటలుగా, చివరికి ఒక్కటిగా నడిపించాడు.

సినిమాలో గాబ్రియేల్ జలపాతం పక్కన కొండెక్కి, అడవిలో రాతి మీద కూర్చుని ఆ రాగం ఊదుతాడు. విల్లంబులతో గ్వారనీలు చుట్టుముడతారు. రాగం బెదురుతుంది, తడబడుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఒకడు వాద్యాన్ని లాక్కుని విరిచేస్తాడు. రికార్డులో ఆ విరుపు లేదు. అక్కడ రాగం తీగవాద్యాల మీద తేలుతూ ఎక్కడా ఆగకుండా పూర్తవుతుంది. 1998లో దానికి ఇటాలియన్ మాటలు పెట్టి సారా బ్రైట్‌మన్ పాడాక అది పెళ్లిళ్లకీ చేరింది. పెళ్లిలో దాన్ని వినేవాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయితే ఆ రాగం పుట్టింది భయంలోంచి. చంపొద్దని అడుగుతున్న ఊపిరి అది. భయాన్ని వడకట్టేశాక మిగిలిన మాధుర్యం అదే రాగమా?

వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు దీనికి దగ్గరి ప్రశ్ననే పట్టుకున్నాడు. నాటకంలో శోకం నాది కాదు, ఎదుటివాడిదీ కాదు. ఫలానా మనిషికి చెందిన బంధం తెగిపోతేనే అది రసమవుతుందన్నాడు. ఆ లెక్కన బొమ్మ తీసేసిన సంగీతం రసానికి మరింత దగ్గర. ఈ వాదం బలమైనదే, నా అనుభవమూ దీనికి సాక్ష్యమే. కానీ మనసు పూర్తిగా ఒప్పదు. రాముడి శోకం అందరిదీ అయితే రాముడికి పోయేదేమీ లేదు, ఆయన పేరు నిలిచే ఉంది. కైబొవాతేలో పడిపోయినవాళ్లలో మనకి పేరు తెలిసినవాళ్లు ఎందరు? పేరైనా మిగలనివాళ్ల దుఃఖాన్ని మళ్లీ అందరిదీ చేసి, నా సాయంత్రపు ఆర్ద్రతగా మార్చుకోవడం న్యాయమేనా?

మరో సంగతి. రికార్డులో గ్వారనీల ఆక్రోశంగా వినిపించే బృందగానంలో మాటలు లాటిన్. పాడినవాళ్లు లండన్ గాయకులు, వాయించింది లండన్ ఫిల్హార్మోనిక్. తెర మీద గ్వారనీలుగా కనిపించేవాళ్లు కూడా కొలంబియాకి చెందిన వౌనానా ప్రజలు. కళ్లు మూసుకుని వింటే ఇవేవీ తెలియవు. తెలిశాక, చనిపోయినవాళ్ల మొరని వాళ్ల మీద మతం మోపినవాళ్ల భాషలోనే వింటున్నామనే బాధ కలుగుతుంది.

అక్కడే ఆగిపోదామంటే చరిత్ర ఆగనివ్వదు. ఆ ఊళ్లలో సంగీతం నిజంగానే ఉండేది. ప్రాతో పట్టణంలో పుట్టిన దొమెనికో జిపోలి జెసూట్‌గా దక్షిణ అమెరికా వెళ్లి, 1726లో కోర్దొబాలో చనిపోయాడు. ఆయన రచనల్ని జెసూట్ ఊళ్లలోని స్థానికులు పాడారు, వాద్యాలు స్వయంగా చేశారు, స్వరపత్రాలు చేత్తో రాసుకున్నారు. ఆ ఊళ్లు వాళ్లని బానిసల వేటగాళ్ల నుంచి కాపాడాయి, తమ దేవుళ్ల నుంచి వేరూ చేశాయి. 1767లో స్పెయిన్ రాజు జెసూట్లని తన రాజ్యం నుంచి వెళ్లగొట్టాడు. గురువులు పోయారు. నేటి బొలీవియాలోని చికితోస్ ఊళ్లలో మాత్రం ఆ స్వరపత్రాలు వేల పుటలు మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దంలో చర్చిల మరమ్మతులకి వెళ్లినవాళ్లకి అవి దొరికాయి. ఏ రాజూ, ఏ ఫాదిరీ అడగకుండా రెండు వందల ఏళ్లు వాటిని స్థానికులే దాచుకున్నారు.

గురువుల మీద భక్తితోనా? లేక ఆ సంగీతం అప్పటికే తమదైపోయిందనా? ఏదైనా, దాన్ని పరాయిదని వాళ్ల తరఫున నేను తీర్మానించడం పెద్దరికం కాదు, దురాక్రమణే. లాటిన్ మాటల గురించి నాకు కలిగిన బాధ ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఇప్పుడు మరో అవకాశమూ ఉంది. మొరికోనె కలిపిన మూడు సంగీతాల్లో డోలుది ఒక్కటే వాళ్ల వాటా అనుకోవడం నా తొందరపాటు కావచ్చు. ఆ బహుగళ గానంలోనూ వాళ్లకి వాటా ఉండి ఉండవచ్చు, ఒప్పందాలు రాసుకున్న ఏ రాజూ వాళ్లకివ్వని వాటా.