పుట్టబోయేవాళ్ల వాటా

మన కోర్టుల దృష్టిలో దేవుడు మైనరు. మాన్యం ఆయన పేరనే ఉంటుంది, మంచిచెడ్డలు చూడాల్సింది మాత్రం ధర్మకర్త. పొలం మీద వచ్చే కౌలుతో ధూపదీప నైవేద్యాలు నడపవచ్చు, ఉత్సవాలు చేయించవచ్చు. పొలాన్ని ఇష్టమొచ్చినట్టు తెగనమ్మే హక్కు లేదు. (అయినా అమ్ముకున్నవాళ్లు, ఆక్రమించుకున్నవాళ్లు తెలుగునాట కోకొల్లలు. అది వేరే పురాణం.) నోరు విప్పి అడగలేనివాడి ఆస్తిని కాపాడటానికి చేసిన ఏర్పాటు ఇది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకూ ఇలాంటి హోదానే ఇచ్చింది. జులైలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది.

మరి ఇంకా పుట్టనివాళ్ల మాటేమిటి? పితృఋణం తీరేది సంతానంతోనే అంటారు మన పెద్దలు. వెనకటివాళ్ల బాకీని ముందువాళ్లకు చెల్లించాలన్నమాట. దేశాలు బాగుపడ్డామని చెప్పుకునేటప్పుడు ఈ బాకీ లెక్కలోకి వస్తోందా?

పసిఫిక్ సముద్రంలో నౌరు అనే దీవి ఉంది. మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. అక్కడి నుంచి తెచ్చిన ఒక రాయిని సిడ్నీలోని ఓ కంపెనీ ఆఫీసులో తలుపుకు అడ్డంగా పెట్టుకున్నారు, శిలగా మారిన కర్ర అనుకుని. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి 1900 ప్రాంతంలో పరీక్ష చేస్తే అది మేలురకం ఫాస్ఫేటని తేలింది. కొన్నేళ్లకే తవ్వకాలు మొదలయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దీవి బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల చేతికి వచ్చింది. నౌరు మట్టి చవకగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఎరువై తరలిపోయింది. రెండో యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి ఆ మూడు దేశాలనే నౌరుకు ధర్మకర్తలుగా నియమించింది. కాగితం మీద రాసుకున్న మాటే అది!

తవ్వినచోట మిగిలింది పగడపు రాతి మొనలు. నిలువెత్తున, కత్తుల్లా, ఎండకు సెగలు కక్కుతూ ఉంటాయి. వాటి మధ్య నాగలి సాగదు, ఇల్లు లేవదు. జనమంతా తీరం వెంబడి సన్నటి పచ్చటి అంచుమీద సర్దుకున్నారు. దీవి పాడైపోయిందని 1960లలో ఆస్ట్రేలియా ప్రభుత్వం వాళ్లందరినీ క్వీన్స్‌లాండ్ దగ్గరి కర్టిస్ దీవికి తరలిస్తానంది. ఒక జాతిగా తమ ఉనికే పోతుందని నౌరువాసులు ఒప్పుకోలేదు.

1968లో స్వాతంత్ర్యం వచ్చింది. గనులు సొంతమయ్యాయి. 1970లలో తలసరి ఆదాయంలో నౌరు ప్రపంచంలోనే ముందువరసలో నిలిచింది. పన్నుల్లేవు, వైద్యం ఉచితం, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల సొంత భవనం, సొంత విమానాలు. 1993లో లండన్‌లో లియొనార్డో డావిన్చీ మీద వేసిన సంగీత నాటకానికి కూడా నౌరు సొమ్మే పోశారు. అది అట్టర్ ఫ్లాప్. ఆ చిన్న దేశాన్ని చూసి నవ్వడం తేలిక. దశాబ్దాలపాటు దోపిడీకి గురైనవాళ్లు చేతికందిన డబ్బుతో దర్జా వెలగబెట్టాలనుకోవడంలో వింతేముంది? పైగా ముందుతరాల కోసమని నిధి కూడా పెట్టుకున్నారు. దాన్ని చెడ్డ పెట్టుబడులు, అప్పులు కలిసి మింగేశాయి.

స్వాతంత్ర్యానికి ముందరి తవ్వకాల మీద 1989లో నౌరు అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. తర్వాత తామే తవ్వుకున్నదానికి మాత్రం నౌరు పిల్లలు ఎవరి మీద దావా వేయాలి? తాతల మీదా?

జె.సి. కుమారప్ప ఈ చిక్కును ముందే పసిగట్టాడు. క్రైస్తవుడు, గాంధీ అనుచరుడు, అన్నిటికన్నా ముందు చార్టర్డ్ అకౌంటెంటు. తవ్వితే తరిగిపోయే సంపద వేరు, ఏటేటా పారే సంపద వేరని ఆయన గట్టిగా చెప్పాడు. జీడీపీ లెక్కలో ఈ తేడా కనపడదు. అమ్మిన ఫాస్ఫేటు ఆదాయమవుతుంది. మిగిలిన గొయ్యికి పద్దే ఉండదు.

నార్వే ఈ పాఠం బాగా వంటబట్టించుకుంది. 1990లో చట్టం చేసి చమురు డబ్బుకు నిధి పెట్టింది, 2001లో రాబడికి మించి ఖర్చు చేయకూడదని నియమం పెట్టుకుంది. మొదట ఏటా 4 శాతం, ఇప్పుడు 3. అచ్చం మాన్యం పద్ధతే. కానీ ఆ చమురు ఎక్కడో కాలుతుంది, ఆ వేడికి సముద్రం ఉబ్బుతుంది. ఓస్లో పసివాడి వాటా భద్రంగా ఉంది. దానికోసం నౌరు పసివాడి వాటా కరిగిపోతోంది. ధర్మకర్తకు తన గుడి ఒక్కటే బాధ్యతా అన్న ప్రశ్నకు నార్వే దగ్గర కూడా జవాబు లేదు.

నౌరు మాత్రం 2025లో పాస్‌పోర్టులు అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్కటి 1,05,000 అమెరికన్ డాలర్ల నుంచి. ఆ డబ్బుతో తీరంలోని జనాన్ని ఎగువకు, అంటే తవ్వి వదిలేసిన ఆ రాతి మొనల మీదికే, వాటిని చదును చేయించి తరలించాలన్నది పథకం.