సహరీకి గంట ముందు

రమజాన్ దగ్గరపడుతోందంటే మన ఇళ్ళల్లోకి ఖర్జూరాలు, సేమ్యాలు, షర్బత్ సీసాలు వచ్చి చేరతాయి. మందుల పెట్టె సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఒకవైపు థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ, మరోవైపు ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడే తల్లులు, అక్కచెల్లెళ్ళు మనలో ఎందరో ఉన్నారు. సహరీకి అందరికంటే ముందు లేచేది వారే. వంట పూర్తిచేసి, అజాన్‌కు రెండు నిమిషాల ముందు టీతోపాటు మాత్ర మింగేదీ వారే. పగలు ఆయాసం వస్తే రోజా పోతుందేమోనన్న భయంతో ఇన్‌హేలర్ దాచిపెట్టుకునేదీ వారే. దీన్ని మనం భక్తి అనుకుంటున్నాం.

సోదర సోదరీమణులారా! అల్ బఖరా సూరా 184, 185 ఆయతుల్లో రోజాను విధిగా చేసిన అల్లాహ్, ఆ ఆజ్ఞతోపాటే వ్యాధిగ్రస్తులకు సడలింపు కూడా ఇచ్చాడు. తాను మనకు సౌలభ్యాన్నే కోరుతున్నానని తెలియజేశాడు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత అతనికి గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్ళుండగా కుదరదన్నారు. అతను స్నానం చేసి చనిపోయాడు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. వారే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసింది కదా, అజ్ఞానానికి మందు అడగటమే కదా అన్నారు. ఆ తోటివారు చెడ్డవారేమీ కారు, ధర్మం మీద ప్రేమతోనే అలా చెప్పారు. ఆయాసపడుతున్న మనిషితో 'ఇఫ్తార్ దాకా ఓర్చుకో అమ్మా' అనే మనం కూడా అంతే.

కనుక షాబాన్ నెలలోనే అడగాలి. మందుల వేళల గురించి డాక్టరును, రోజా గురించి ఆలిమ్‌ను.

థైరాయిడ్ తక్కువైనవారు వాడే థైరాక్సిన్ మాత్రను ఖాళీ కడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు. టీ, కాఫీలు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్ మాత్రలైతే 4 గంటల ఎడం ఉండాలి. రమజాన్‌లో దీనికి చక్కని వేళ తహజ్జుద్. సహరీకి గంట ముందు లేచి, నీళ్ళతో మాత్ర వేసుకుని, నమాజు చేసుకుని, తర్వాత భోంచేయవచ్చు. అలా లేవలేనివారు పడుకునే ముందు వేసుకోవచ్చు గానీ, చివరిసారి తిని కనీసం 3 గంటలు కావాలి. తరావీహ్ అయ్యాక మళ్ళీ భోజనానికి కూర్చునే ఇళ్ళల్లో ఇది కుదరదు. నెలరోజులు మానేసినా ఏమీ కాలేదని కొందరంటారు. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే నష్టం వెంటనే తెలియదు, మెల్లగా నీరసం రూపంలో బయటపడుతుంది.

ఇన్‌హేలర్‌కు కడుపుతో పని లేదు. మాత్రకూ దానికీ మధ్య వ్యవధి పాటించనక్కరలేదు. రోజుకు రెండుసార్లు పీల్చే నివారణ మందును సహరీ ముగియకముందు ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి డాక్టరును అడిగి సర్దుకోవచ్చు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది కనుక పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ఒక్క జాగ్రత్త: థైరాక్సిన్ మోతాదు ఎక్కువైనా గుండెదడ వస్తుంది, ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ ఎక్కువసార్లు వాడినా వస్తుంది. దడ వస్తే రెండు మందుల సంగతీ డాక్టరుకు చెప్పాలి.

పగలు ఇన్‌హేలర్ వాడితే రోజా ఉంటుందా? షేఖ్ ఇబ్నె బాజ్, షేఖ్ ఇబ్నె ఉసైమీన్ భంగం కాదన్నారు. మన దేశంలోని హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది భంగమవుతుందనీ, ఖజా చేయాలనీ అంటారు. మీ ఆలిమ్ చెప్పినట్టు నడుచుకోండి. అయితే ఊపిరాడనప్పుడు మందు ఆపుకోమని వీరిలో ఎవరూ చెప్పలేదు. ఖజా రోజాకు రమజాన్ తర్వాత ఎన్నో రోజులున్నాయి.

ఇక ఆ గంట ముందు లేవడం మాటకొస్తే, రాత్రి పొద్దుపోయేదాకా గిన్నెలు తోముతున్న ఇల్లాలికి అది సాధ్యమయ్యే పనేనా? దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట బుఖారీలో ఉంది. ఈ నెల ఇఫ్తార్ గిన్నెల పని ఇంట్లో మగపిల్లలకు అప్పగించండి.