పోయినవియు, తుడిచివేసినవియు

కెమెరా మెమరీ కార్డు చెడి పెండ్లి ఫోటోలు కనబడనియెడల, అవి నశించెనని వెంటనే అనుకొనకుడి. తరచుగా చెడునది వాటి పట్టిక మాత్రమే. క్రొత్త ఫోటోలు తీసి వాటిమీద వ్రాయనంతవరకు బొమ్మలు కార్డులోనే యుండును. ఫోటోరెక్ అను ప్రోగ్రాము ఆ పట్టికతో నిమిత్తము లేక కార్డంతయు వెదకి వాటిని వెలికితీయును.

అయితే పొరపాటున పోయినవేవో, యజమానుడు బుద్ధిపూర్వకముగా తుడిచివేసినవేవో దానికి తెలియదు. రెంటిని కలిపి మనముందుంచును. అప్పుడు మన కన్నులు ఏమి చేయవలెను? పొరుగువాడు పోయినదానిని వెదకుమని అడిగెను గాని, దాచినదానిని చూడుమని అడుగలేదు. తీయగల నేర్పు చూచుటకు హక్కు కానేరదు. కాబట్టి అతనిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఏరుకొనుట అతనికే విడువుడి. నకలేదియు మనయొద్ద ఉంచుకొనకుడి.