అమ్మ రిపోర్టు ఎవరిది?

రిపోర్టు అమ్మది. డాక్టరు మాత్రం దాన్ని నా చేతికిచ్చి, నాతోనే ఇంగ్లీషులో మాట్లాడారు. ఈజీఎఫ్ఆర్ 38 ఉందని, ఆవిడకి ఇప్పుడే చెప్పొద్దని, భయపడతారని. మధ్యలో కూర్చున్న అమ్మ ఒకసారి ఆయన మొహం, ఒకసారి నా మొహం చూస్తోంది. బయటికొచ్చాక "ఏమన్నారే?" అంది. "కిడ్నీలో కొంచెం తేడా ఉందట, కంగారేం లేదు" అన్నాను.

అనువాదంలో అధికారం గురించి పిహెచ్.డి. చేసిన మనిషిని నేను. మూలాన్ని మింగేసే అనువాదకుల మీద సెమినార్లలో గొంతు చించుకున్నదాన్ని.

నాన్నకి యాంజియోగ్రామ్ తీసినప్పుడు ఇంకో డాక్టరు మందులచీటీ వెనక గుండె బొమ్మ గీసి, ఏ రక్తనాళం మూసుకుపోయిందో నాన్నకే చూపించారు. నాన్నకీ డెబ్బై దాటాయి, ఇంగ్లీషూ అంతంత మాత్రమే. పెద్దవాళ్ళని భయపెట్టకూడదన్న నియమం అమ్మ దగ్గరే ఎందుకు గుర్తొచ్చింది? ఒక్క ఇంటి అనుభవంతో సిద్ధాంతం చెయ్యకూడదు, ఒప్పుకుంటాను. కానీ సమీరా కోహ్లి కేసు గుర్తొస్తుంది. పరీక్ష కోసం మత్తులో ఉన్న 44 ఏళ్ళ ఆమెకి, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకి మెలకువ వచ్చేదాకా ఆగాల్సిందనీ, తల్లి ఒప్పుకోలు ఆమె ఒప్పుకోలు కాదనీ 2008లో సుప్రీంకోర్టు అంది. అమ్మ బదులు నేను ఒప్పుకున్నది మౌనానికే. ప్రేమతోనే అనుకున్నాను. ఆ తల్లీ అలాగే అనుకుని ఉంటుంది.

మూడు నెలల తర్వాత అమ్మ దిండు కింద డైక్లోఫెనాక్ మాత్రలు కనబడ్డాయి. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో తనే కొనుక్కుంటోంది. అలాంటి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. "కొంచెం తేడా" అన్న నా మాటలోంచి ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది?

ఆ సాయంత్రం రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాం. రక్తంలోని క్రియాటినిన్‌ని, వయసుని, ఆడా మగా అన్నదాన్ని బట్టి కిడ్నీలు నిమిషానికెంత వడకడుతున్నాయో కట్టే లెక్క ఇదని చెప్పాను. పడుచుతనంలో నూరు దాకా ఉంటుంది, వయసుతో కొంత తగ్గుతుంది. మూడు నెలలకి పైగా 60 లోపే ఉంటే జబ్బు కింద లెక్క. డయాలసిస్ మాట సాధారణంగా 15 లోపుకి పడిపోయాక వస్తుంది. "ఇప్పుడు నీకేం అర్థమయిందో నువ్వు చెప్పు" అన్నాను.

"కాఫీ వడగట్టే పాతగుడ్డ అన్నమాట. చిరగలేదు, జిడ్డు పట్టింది. ఈ మాత్రలు దాన్ని ఇంకా పాడుచేస్తాయి. అంతేగా? ఈ ముక్క చెప్పడానికి మూడు నెలలు పట్టిందా నీకు?"

భయపడింది కూడా. ఆ రాత్రి నిద్రపోలేదు. డాక్టరు అన్నది అబద్ధమేం కాదు. తెల్లారాక మాత్రల షీటు తెచ్చి నా ఒళ్ళో పడేసి, పాలలెక్క పుస్తకంలో తేదీ వేసి 38 అని రాసుకుంది.

మళ్ళీ పరీక్షకి వెళ్ళినప్పుడు "ముప్పై ఎనిమిది ఇప్పుడెంతయిందండీ?" అని తనే అడిగింది. డాక్టరు నా వైపు తిరిగి జవాబు మొదలుపెట్టారు.